బహుళ సమాధానాల శాతాలు

ఒకే ప్రశ్నకు ఒక మనిషి ఒకటికి మించి జవాబులు చెప్పే వీలున్నప్పుడు పోగయ్యే దత్తాంశాన్ని బహుళ సమాధాన దత్తాంశం అంటారు. మీకు ఏయే భాషలు వచ్చు, ఇంట్లో ఏయే వస్తువులున్నాయి, ఇల్లు గడవడానికి ఏయే పనులు చేస్తారు వంటి ప్రశ్నలన్నీ ఈ కోవలోవే. వీటిని శాతాల్లోకి మార్చి బొమ్మ గీయాలంటే హారం ఏదో ముందు తేలాలి. అడిగిన మనుషులందరినీ హారంగా తీసుకోవచ్చు, కనీసం ఒక జవాబైనా చెప్పినవారినే తీసుకోవచ్చు, లేదా వచ్చిన జవాబుల మొత్తాన్ని తీసుకోవచ్చు. మూడింటికీ మూడు శాతాలు వస్తాయి, కూడికలో ఏ తప్పూ ఉండదు. గణాంక సాఫ్ట్‌వేర్ మాత్రం ఈ ఎంపికను చాలాసార్లు మనల్ని అడక్కుండానే చేసేస్తుంది.

ఒక్క జవాబుతో గీసిన సరిహద్దు

తమిళనాడు ఉత్తరపు కొసన ఉన్న తిరువళ్ళూరు జిల్లా ఈ విషయానికి చక్కగా సరిపోయే చోటు. పడమట తిరుత్తణి, పళ్ళిపట్టు కొండల ప్రాంతం. తూర్పున సముద్రపు ఒడ్డున కాట్టుపల్లి, ఇంకాస్త ఉత్తరంగా పులికాట్ సరస్సు. ఈ నడుమ తెలుగు, తమిళం రెండూ వినిపించే ఊళ్ళు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవారికి బడిలో, బస్సులో, తాలూకా ఆఫీసులో తమిళంతోనే పని.

తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలపాలని మా.పొ. శివజ్ఞానం వంటి తమిళ నాయకులు ఆందోళన నడిపారు. ఇటు చెంగల్పట్టు జిల్లాలోని తెలుగు గ్రామాల కోసం ఆంధ్ర వైపు నుంచి డిమాండు ఉండేది. తగవు తీర్చే పని హెచ్.వి. పటాస్కర్‌కు అప్పగించారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవాలి, ఊళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి, ఎక్కువమంది భాష ఏదైతే అటు కలపాలి అన్నది ఆయన పద్ధతి. ఆ సిఫారసుల మీద 1959లో సరిహద్దుల మార్పు చట్టం వచ్చింది, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి, పళ్ళిపట్టు మద్రాసు రాష్ట్రానికి వెళ్ళాయి, సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. నేటి తిరువళ్ళూరు జిల్లా 1997లో ఏర్పడింది.

ఇందులో గణాంకాల సంగతేమిటంటే, ఎక్కువమంది భాష ఏదో చెప్పేది జనగణనలోని మాతృభాష గడి. ఆ గడిలో ఒక్క జవాబే పడుతుంది. 1951 జనగణన చీటీలోనే మాతృభాషతో పాటు రెండో భాష గురించి కూడా అడిగారు. కానీ సరిహద్దు తగవులో నడిచింది మొదటి గడి లెక్కే.

వంద మంది ఉన్న ఒక ఊహా గ్రామాన్ని తీసుకుందాం. 55 మందికి మాతృభాష తమిళం, 45 మందికి తెలుగు. తెలుగువారందరికీ తమిళం వచ్చు, తమిళుల్లో 30 మందికి తెలుగు వచ్చు. మాతృభాష లెక్కన తమిళం 55 శాతం, తెలుగు 45 శాతం, మొత్తం సరిగ్గా 100. భాష తెలిసినవారి లెక్కన తమిళం 100 శాతం, తెలుగు 75 శాతం, మొత్తం 175. చెప్పిన జవాబుల్లో వాటా చూస్తే తమిళం 57.1, తెలుగు 42.9, మళ్ళీ 100. గీత గీయాల్సినవాడికి మొదటి లెక్క తప్ప గతి లేదు, ఎందుకంటే ఊరు ఏదో ఒక వైపే ఉండాలి. ఆ ఊళ్ళో ఆసుపత్రి బోర్డు ఏ భాషల్లో రాయాలో చూసేవాడికి రెండోది కావాలి. మూడోదాన్ని ఏ పనికి వాడాలో చెప్పడం కష్టం. అయినా సాఫ్ట్‌వేర్లు మనం అడగకపోతే ఎక్కువసార్లు చేతిలో పెట్టేది ఆ మూడోదాన్నే.

ఒక భాషకు మూడు శాతాలు

2011 జనగణన ప్రకారం దేశ జనాభా సుమారు 121.1 కోట్లు. ఇందులో 26 శాతం మందికి, అంటే దాదాపు 31.5 కోట్ల మందికి, మాతృభాష కాక కనీసం మరో భాష వచ్చు. సుమారు 7 శాతం మందికి మూడు భాషలు వచ్చు. ఈ మూడు భాషలవాళ్ళు ఆ 26 శాతంలో ఉన్నవాళ్ళే. మాతృభాష జవాబులు, రెండో భాష జవాబులు, మూడో భాష జవాబులు కలిపితే మొత్తం 161 కోట్ల పైచిలుకు. మనిషికి సగటున 1.33 జవాబులన్నమాట.

తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8.11 కోట్లు, 6.7 శాతం. రెండో, మూడో భాషగా చెప్పినవారినీ కలిపితే సుమారు 9.4 కోట్లు, జనాభాలో 7.8 శాతం. అదే 9.4 కోట్లను 161 కోట్ల జవాబులతో భాగిస్తే 5.8 శాతం. తెలుగు వచ్చినవారు పెరిగితే శాతం పెరగాలి కదా, 6.7 నుంచి 5.8కి ఎలా దిగింది? హారం అంతకన్నా ఎక్కువగా పెరిగింది గనుక దిగింది. ఇది చూసి తెలుగు తగ్గిపోతోందని రాసేవాడు లెక్క తప్పు చేయలేదు, తనకు అక్కర్లేని ప్రశ్నకు జవాబు రాశాడు.

హిందీది ఇంకో చిక్కు. మాతృభాషగా 43.6 శాతం. రెండో, మూడో భాషలు కలుపుకుంటే సుమారు 69 కోట్ల మంది, జనాభాలో 57 శాతం. జవాబుల్లో వాటా మాత్రం 43 శాతం. మాతృభాష శాతం, జవాబుల వాటా దాదాపు ఒకటే అంకె కావడం కాకతాళీయం. పట్టిక కింద హారం రాయకపోతే ఇది దేని లెక్కో చదివేవాడు కనిపెట్టలేడు. ఇంగ్లీషు విషయంలో దాపరికమేమీ లేదు. మాతృభాషగా చెప్పినవారు 2.6 లక్షలే, 0.02 శాతం. తెలిసినవారి లెక్కన దాదాపు 12.9 కోట్లు, 10.6 శాతం. ఒక్క జవాబు గడి అయితే ఇంగ్లీషు ఈ దేశంలో కనిపించనే కనిపించదు.

తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 2011లో 42.3 లక్షలు, రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. ఆ లక్షల మందిలో తమిళం కూడా చెప్పినవాళ్ళు తమిళం తెలిసినవారి లెక్కలో మళ్ళీ వస్తారు. ఈ రెండు లెక్కలనూ ఒకే వృత్త చిత్రంలో ముక్కలుగా చూపితే ఒకే మనిషి రెండు ముక్కల్లో కూర్చుంటాడు.

కాట్టుపల్లి వంటి ఊళ్ళో జీవనాధారాల లెక్క

ఎన్నూరుకు ఉత్తరంగా, ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క బకింగ్‌హామ్ కాలువ, కుశస్థలి నది వెనుకజలాలు ఉన్న సన్నని నేల మీద కాట్టుపల్లి ఉంది. హైదరాబాదుకు చెందిన ఐవీఆర్‌సీఎల్, స్పెయిన్ సంస్థ బెఫెసా కలిసి కట్టిన, సముద్రపు నీటి నుంచి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు తీసే సామర్థ్యం గల కర్మాగారం ఇక్కడ 2010లో మొదలైంది. పక్కనే ఎల్ అండ్ టీ కట్టిన ఓడరేవు 2018లో అదానీ సంస్థ చేతికి వచ్చింది. ఇలాంటి చోట మీ వృత్తి ఏమిటని ఒక్క జవాబు అడిగితే సగం సంగతి పోతుంది. ఒకే ఇంట్లో ఒకరు సముద్రం మీదికి వెళ్తారు, ఇంకొకరు వెనుకజలాల్లో రొయ్య పడతారు, కుర్రవాడు రేవులో కాంట్రాక్టు కూలీకి వెళ్తాడు.

లెక్క స్పష్టం కావడానికి పన్నెండు ఇళ్ళ ఊహా సర్వే చూద్దాం. సముద్రపు వేట 5 ఇళ్ళు, వెనుకజలాల వేట 6, రేవు కూలీ 7, చిల్లర కొట్టు 2 చెప్పాయి. రెండు ఇళ్ళు ఈ నాలుగింటిలో ఏదీ కాదన్నాయి. ఊరు వదిలివెళ్ళిన పిల్లలు పంపే డబ్బే వాళ్ళకు ఆధారం అనుకుందాం. జవాబులు మొత్తం 20.

ఇప్పుడు రేవు కూలీ ఎంత శాతం? పన్నెండు ఇళ్ళు హారమైతే 58.3. ఏదో ఒకటి చెప్పిన పది ఇళ్ళు హారమైతే 70. ఇరవై జవాబులు హారమైతే 35. ఓడరేవు వల్ల ఊరికి మేలు జరిగిందని చెప్పదలచినవాడు 70 తీసుకుంటాడు, వేట పోగొట్టుకున్నవారి తరఫున మాట్లాడేవాడు 35 తీసుకుంటాడు. ఇద్దరి చేతిలోనూ ఒకే పట్టిక. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఇళ్ళ గురించిన వాక్యానికి అడిగిన ఇళ్ళన్నీ హారం కావాలి, అంటే 58.3. జవాబుల వాటా ఒక్కచోటే సరైనది. అక్కడ లెక్కిస్తున్నది జవాబులే అయివుండాలి, ఆసుపత్రికి వచ్చిన మొత్తం ఫిర్యాదుల్లో జ్వరానివి ఎన్ని అన్నట్టు.

మరో తేడా కూడా ఉంది. ఏడు ఇళ్ళు రేవు కూలీ చెప్పాయంటే ఏడుగురు కూలీలని కాదు, ఆ ఇళ్ళకు సగం రాబడి అక్కడి నుంచే వస్తోందనీ కాదు. టిక్కు ఉందా లేదా అన్నదే ఈ దత్తాంశం చెబుతుంది, ఎంత అన్నది చెప్పదు.

కంప్యూటరులో దాచే తీరు

శాతం తేడా చాలాసార్లు లెక్క దగ్గర కాదు, దాచే దగ్గరే మొదలవుతుంది. జవాబులను దాచడానికి మూడు పద్ధతులున్నాయి. ఒకటి, ప్రతి ఎంపికకూ ఒక నిలువు వరుస పెట్టి, ఉంటే 1, లేకపోతే 0 వేయడం. రెండు, జనగణన చేసినట్టు మొదటి భాష, రెండో భాష, మూడో భాష అని గడులు పెట్టి వాటిలో కోడ్ అంకె రాయడం. మూడు, అన్ని జవాబులనూ కామాలు పెట్టి ఒకే గడిలో కుక్కడం.

మూడోది గూగుల్ ఫామ్స్ వాడేవారికి తెలిసిందే. చెక్‌బాక్స్ ప్రశ్నకు ఫామ్స్ తన తెరమీద కమ్మీ చిత్రం గీసినప్పుడు జవాబిచ్చిన మనుషులనే హారంగా తీసుకుంటుంది, అది మంచిదే. షీట్‌లోకి దించుకున్నాకే తంటా. ఒక్కో మనిషి జవాబులన్నీ ఒకే గడిలో కామాలతో ఉంటాయి. ఎక్సెల్ పివట్ పట్టిక ఆ గడిని ఉన్నదున్నట్టు ఒక వర్గంగా తీసుకుంటుంది. తెలుగు, తమిళం ఒక వర్గం. తెలుగు, తమిళం, హిందీ ఇంకో వర్గం. కామా దగ్గర విడగొడదామంటే, ఎంపిక పేరులోనే కామా ఉంటే (రొయ్యలు, పీతలు అన్నది ఒకే ఎంపిక అయితే) అది రెండు ముక్కలై లేని వర్గం ఒకటి పుడుతుంది. ఫామ్ తయారు చేసేటప్పుడే ఎంపికల పేర్లలో కామాలు లేకుండా చూసుకోవడం మేలు.

గడులు విడగొట్టి ఒక్కో జవాబును ఒక్కో అడ్డు వరుసగా పేర్చాక పివట్‌లో మొత్తంలో శాతం అని అడిగితే వచ్చేది జవాబుల వాటా. పన్నెండు ఇళ్ళ పట్టిక ఇరవై వరుసల పట్టికగా మారిపోయింది. అందులో ఏమీ చెప్పని రెండు ఇళ్ళకు వరుసే లేదు. టాబ్లో, పవర్ బీఐ వంటివాటిలోనూ ఇదే కథ. అక్కడ విడివిడి ఇళ్ళను లెక్కపెట్టే ప్రమేయం, టాబ్లోలో కౌంట్‌డీ, పవర్ బీఐలో డిస్టింక్ట్‌కౌంట్, వాడాలి. హారాన్ని వేరుగా కట్టిపడేయాలి కూడా. లేకపోతే తెరమీద తెలుగు ఒక్కదాన్నే ఎంచుకున్న క్షణంలో హారం కూడా తెలుగువారికే కుదించుకుపోయి 100 శాతం చూపిస్తుంది.

ఆర్ భాషలో హ్యాడ్లీ విక్హమ్ తయారుచేసిన జీజీప్లాట్2 బొమ్మలకు పేరు మోసింది. అది పట్టికలోని వరుసలను లెక్కపెడుతుంది, మనుషులను కాదు. కొత్తవాళ్ళు శాతం కోసం దాని ప్రాప్ అనే లెక్కను పిలిస్తే ప్రతి కమ్మీ 100 శాతం దగ్గర నిలబడుతుంది. ప్రతి వర్గాన్నీ అది విడి గుంపుగా తీసుకుని, ఆ గుంపులో దాని వాటా ఎంత అని చూస్తోంది. అంతా ఒకే గుంపని చెబితే కమ్మీలు సర్దుకుంటాయి గానీ వచ్చేది మళ్ళీ జవాబుల వాటాయే. కాబట్టి ముందు మనుషుల సంఖ్యతో శాతాలు కట్టి, ఆ తర్వాతే బొమ్మకు అందించడం మంచి పద్ధతి. బొమ్మ గీసే పనిముట్టు చేత లెక్క చేయించకూడదు.

0, 1 వరుసలు చేతిలో ఉంటే ఇంత ప్రయాస అక్కర్లేదు. సున్నాలు, ఒకట్ల సగటే శాతం. ఏడు ఒకట్లు, ఐదు సున్నాలు ఉన్న వరుస సగటు 0.583. స్టాటాలో కమ్మీ చిత్రాన్ని సగటు మీద గీయమంటే చాలు. సర్వే భారాలు ఉంటే భారిత సగటు తీసుకోవాలి, అంతే తేడా. స్టాటాలో బహుళ సమాధానాల పట్టిక కోసం బెన్ యాన్ 2005లో ఎంఆర్‌ట్యాబ్ అనే ఆదేశాన్ని రాశాడు.

1968లో స్టాన్‌ఫోర్డ్‌లో పుట్టి 2009లో ఐబీఎం చేతికి వచ్చిన ఎస్‌పీఎస్‌ఎస్‌లో దీనికోసం ప్రత్యేక సౌకర్యం ఉంది. అది జవాబుల శాతం, కేసుల (అంటే మనుషుల లేదా ఇళ్ళ) శాతం రెండింటినీ పక్కపక్కనే అచ్చు వేస్తుంది. మొదటి వరుస 100కి కూడుతుంది, రెండోది 100 దాటుతుంది. రెండూ చూపడం మెచ్చుకోదగ్గదే. అయితే ఆ కేసుల్లో ఒక మెలిక ఉంది.

ఏదీ లేదన్నవారు

ఎస్‌పీఎస్‌ఎస్ 0, 1 వరుసల సమితిలో ఒక్క 1 కూడా లేని మనిషిని సమాచారం లేనివాడిగా తీసి పక్కన పెడుతుంది. కాట్టుపల్లి ఉదాహరణలో ఆ రెండు ఇళ్ళూ మాయమై హారం పదికి దిగుతుంది. ఊహా సర్వేలో ఇది చిన్న తేడాగానే కనిపించవచ్చు. నిజమైన అంకెల్లో చూస్తే దాని బరువు తెలుస్తుంది.

2011 జనగణన ఇళ్ళ పట్టికలో రేడియో, టీవీ, కంప్యూటరు, ఫోను, సైకిలు, మోటారు సైకిలు, కారు ఉన్నాయా అని అడిగారు. దేశంలో 63.2 శాతం కుటుంబాలకు ఫోను, 47.2 శాతానికి టీవీ, 44.8 శాతానికి సైకిలు, 21 శాతానికి ద్విచక్ర వాహనం ఉన్నాయి. 17.8 శాతం కుటుంబాలకు వీటిలో ఒక్కటీ లేదు. అందరికన్నా పేదలైన ఈ కుటుంబాలకు అన్ని వరుసల్లోనూ సున్నాలే. వారిని సమాచారం లేనివారిగా తీసేస్తే హారం 82.2కి దిగుతుంది. ఫోను 76.9 శాతానికి, టీవీ 57.4 శాతానికి ఎగబాకుతాయి. పేదల్ని పట్టికలోంచి తీసేసి దేశాన్ని సంపన్నం చేసినట్టు. విరుగుడు తేలికే: ఏదీ లేదు అన్నదాన్ని కూడా ఒక ఎంపికగా చేసి ప్రత్యేక వరుస ఇవ్వాలి. జనగణన అలాగే చేసింది. కాకపోతే జవాబు చెప్పనివారిని, ఏదీ లేదన్నవారిని కలిపేయకూడదు. మొదటివారు హారంలో ఉండాలా వద్దా అన్నది వాదించదగ్గ విషయం. రెండోవారు ఉండాల్సిందే.

కలిపినప్పుడు

భాషలు ఎక్కువైనప్పుడు ద్రావిడ భాషలు అని ఒక గుంపు చేయడం, పనులు ఎక్కువైనప్పుడు సముద్రపు వేటను, వెనుకజలాల వేటను కలిపి వేట అనడం మామూలే. ఒక్క జవాబు ప్రశ్నలో శాతాలు కూడితే సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. అదే 2011 జనగణనలో ల్యాండ్‌లైన్ మాత్రమే ఉన్న కుటుంబాలు 4 శాతం, సెల్‌ఫోన్ మాత్రమే ఉన్నవి 53.2, రెండూ ఉన్నవి 6. ల్యాండ్‌లైన్ ఉన్నవి మొత్తం 10 శాతం, సెల్‌ఫోన్ ఉన్నవి 59.2. కూడితే 69.2. కానీ ఫోను ఉన్న కుటుంబాలు 63.2 శాతమే, రెండూ ఉన్న 6 శాతం రెండుసార్లు పడ్డాయి. బడిలో నేర్చిన సమితుల సమ్మేళనం, ఛేదనం సూత్రమే ఇది. రెండూ ఉన్నవారి శాతం విడిగా ఇవ్వకపోతే ప్రచురించిన శాతాల నుంచి దీన్ని సరిచేయడం కుదరదు. మూల దత్తాంశంలో మనిషి వారీగా రెండు వరుసల్లో ఏదో ఒకటి 1 అయినా 1 అని కొత్త వరుస కట్టుకోవాలి.

బొమ్మలు

వృత్త చిత్రం పనికిరాదు. దాని ముక్కలు కలిస్తే నిండు కావాలి, బహుళ సమాధానాల్లో కలిస్తే పొంగిపోతుంది. పొంగకుండా సాఫ్ట్‌వేర్ లోపల్లోపల జవాబుల వాటాకు మార్చేసుకుంటుంది, అది ఇంకా ప్రమాదం. ఒకదాని మీద ఒకటి పేర్చిన కమ్మీలకూ ఇదే దోషం. అడ్డంగా పరిచిన విడివిడి కమ్మీలు, 0 నుంచి 100 దాకా అక్షం, పెద్దది పైన, ఏదీ లేదు అన్నది అన్నిటికన్నా కింద వేరే రంగులో, బొమ్మ కిందే ఎంతమందిని అడిగారో ఆ సంఖ్య ఉంటే చదివేవాడికి సందేహం ఉండదు. భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికల వంటివాటిలో బహుళ సమాధానాల పట్టికల కింద శాతాలు 100 దాటవచ్చని ఒక గమనిక పెట్టడం ఆనవాయితీ. ఆ ఒక్క వాక్యం ఎన్నో అపోహలను ఆపుతుంది.

ఏ జవాబులు కలిసి వస్తాయన్నది తెలియాలంటే కమ్మీలు చాలవు. మూడు సమితుల దాకా వెన్ చిత్రం కళ్ళకు ఆనుతుంది, నాలుగు దాటితే ఆకులల్లినట్టు అవుతుంది. 2014లో అలెగ్జాండర్ లెక్స్ బృందం ప్రవేశపెట్టిన అప్‌సెట్ చిత్రం ఈ చిక్కు కోసం పుట్టిందే. కింద చుక్కల గళ్ళు ఏ సమితులు కలిశాయో చూపుతాయి, పైన కమ్మీలు ఆ కలయికలో ఎందరున్నారో చూపుతాయి. కాట్టుపల్లి ఇళ్ళలో రెండు రకాల వేటతో పాటు కూలీ కూడా చేసే ఇళ్ళు ఎన్ని, కూలీ ఒక్కదాని మీదే నిలిచినవి ఎన్ని అన్న అసలు ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. కలయికల్లో ఒక్కో మనిషి ఒక్కచోటే పడతాడు గనుక అక్కడ శాతాలు మళ్ళీ 100కి కూడుతాయి.

పరీక్షలు

ఆడవారు, మగవారు, లేదా తిరుత్తణి వైపు వారు, కాట్టుపల్లి వైపు వారు ఇచ్చిన బహుళ సమాధానాలను పోల్చేటప్పుడు పట్టికను నేరుగా కై వర్గ పరీక్షకు ఇవ్వకూడదు. ఆ పరీక్ష ప్రతి లెక్కా వేరే మనిషిదని అనుకుంటుంది. ఇక్కడ ఒకే మనిషి నాలుగు గడుల్లో పడివుండవచ్చు. అప్పుడు తేడాల గురించి పరీక్ష ఇచ్చే భరోసాను నమ్మలేం.

దీనికి మందు తెలుగువాడి పేరుతో ఉంది. ఏలూరులో 1937లో పుట్టి కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జె.ఎన్.కె. రావు, న్యూజీలాండ్‌కు చెందిన అలస్టెయిర్ స్కాట్ కలిసి 1981లో సంక్లిష్ట నమూనా సర్వేల కోసం కై వర్గ పరీక్షకు ఒక సవరణ ప్రతిపాదించారు. గుంపులుగా ఎంచిన నమూనాలో ఒకే ఊరివారి జవాబులు ఒకదానికొకటి పోలి ఉండడం వల్ల వచ్చే దోషాన్ని అది దిద్దుతుంది. ఒకే మనిషి జవాబులు ఒకదానికొకటి ముడిపడి ఉండడం కూడా అదే జాతి దోషం. 2000లో డెకాడీ, థామస్ ఆ సవరణనే బహుళ సమాధానాల పట్టికలకు వర్తింపజేశారు. ఆర్‌లో ఎంఆర్‌సీవీ అనే ప్యాకేజీ ఈ కోవ పరీక్షలను చేసి పెడుతుంది. అంత దూరం వెళ్ళనక్కర్లేదనుకుంటే ప్రతి ఎంపికకూ విడివిడిగా 0, 1 వరుస మీద పరీక్ష చేసి, పరీక్షలు ఎన్ని చేశామో దానికి తగ్గట్టు కొలమానాన్ని బిగించడం మరో దారి.

జవాబుల పరిమితి

సర్వేలను పోల్చేముందు ఎన్ని జవాబులు అనుమతించారో చూడాలి. ఎన్నైనా టిక్కు పెట్టమన్న సర్వేలో తెలుగు 75 శాతం, ముఖ్యమైన రెండు మాత్రమే చెప్పమన్న సర్వేలో 60 శాతం వస్తే తేడా జనంలోది కాదు, ఫారంలోది కావచ్చు. జాబితా చదివి వినిపించి అవునా కాదా అని ఒక్కొక్కటీ అడిగితే టిక్కులు పెరుగుతాయి, ఏమేమి ఉన్నాయో మీరే చెప్పండి అంటే తగ్గుతాయి.

జనగణన మాతృభాష కాక మరో రెండు భాషలనే రాసుకుంటుంది. కాబట్టి మనిషికి సగటు జవాబులు ఎప్పటికీ 3 దాటవు. తిరుత్తణి కొండ కింద పూలమ్మే మనిషికి తెలుగు, తమిళం, కాస్త హిందీ, ఉర్దూ, బేరానికి సరిపడా కన్నడం వచ్చినా పట్టికలోకి మూడే ఎక్కుతాయి. ఏ రెండు వదిలేయాలో ఆ క్షణంలో చెప్పేవారి మీద, రాసుకునేవారి మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కువ భాషలు వచ్చినవారు ఎక్కువగా ఉండే సరిహద్దు జిల్లాల్లోనే ఈ కోత ఎక్కువ పడుతుంది. అందువల్ల తిరువళ్ళూరు వంటి జిల్లాలో రెండో, మూడో భాషల శాతాలను కనీస అంచనాలుగానే చదవాలి.